మామయ్య బొమ్మ కింది పిలుపు

మా ఇంట్లో ఆడవాళ్ళం మొగుడి పేరు పలకం. పలకొద్దని ఎవరూ చెప్పలేదు, నోరు రాదు, అంతే. మా అత్తయ్య మామయ్యని పేరు పెట్టి పిలవడం అటుంచి, “ఏమండీ” అనడం కూడా నేను వినలేదు. నరసరావుపేటలో మాది బారుగా ఉండే ఇల్లు. రోడ్డు మీదికి కిరాణా కొట్టు, మధ్యలో ఒక గది, వెనక వంటిల్లు. మామయ్యతో పనిబడితే ఆవిడ పొయ్యి దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నట్టు చిన్నగా “ఊఁ” అనేది. కాస్త ఆగి “ఇదుగో” అనేది. కొట్లో బేరం మధ్యలో ఉన్న మామయ్య చేతిలోది అక్కడే దించి లేచి వచ్చేవారు.

పెద్దతనంలో ఆయనకి చెవుడు వచ్చింది. కొట్టుకొచ్చినవాళ్ళు పావుకిలో కందిపప్పు అని అరిచినా “ఆఁ? ఏందీ?” అని చెవి దగ్గర చెయ్యి పెట్టేవారు. కొడుకు పక్కనే నిలబడి పిలిచినా పలికేవారు కాదు. ఆ “ఊఁ, ఇదుగో” మాత్రం మధ్యగది దాటి, రోడ్డు మీద లారీల హారన్లు దాటి ఆయనకి అందేది.

“మీ మామయ్యకి చెవుడు కాదే అమ్మాయ్. ఎవరి మాట వినాలో, ఎవరిది వినకూడదో బాగా తెలుసు ఆయనకి” అని అత్తయ్య నవ్వేది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. మాచర్లలో రోడ్డు మీది రాతిపొడికి బడిదాకా నడిచి పోయేసరికే ఆయాసం వచ్చేది. మా నాన్న బడి మాన్పించి, తన కొట్లో బస్తాల పక్కన పీట వేసి కూర్చోబెట్టి అక్షరాలూ లెక్కలూ ఆయనే చెప్పారు. పద్యాలు, స్తోత్రాలు అమ్మ చెప్పింది. తర్వాత పరీక్షలన్నీ ఇంటినుంచే కట్టాను. పెళ్ళయి ఇక్కడికొచ్చాక మా ఆయన కొట్టు పనికని కొన్న లాప్‌టాప్ మీద వీడియోలు చూసి ఫోన్లో నడిచే యాప్‌లు రాయడం నేర్చుకున్నాను. పొద్దున దీపం పెట్టుకుని, వంట అయ్యాక కూర్చునేదాన్ని. నాకు నేర్పినవాళ్ళలో సగం మంది మొహాలు కూడా ఎరగను, గొంతులే తెలుసు. వాళ్ళందరికీ ఇప్పటికీ దేవుడి ముందు ఒక దణ్ణం పెడతాను. అడగకుండానే నేర్పారు.

“పొద్దస్తమానం ఆ డబ్బాలోకి చూస్తే ఏమొస్తదే?” అనేది అత్తయ్య. అంటూనే నా పక్కన కాఫీ గ్లాసు పెట్టి పోయేది.

ఆవిడకి గొంతు బొంగురు పోవడం మొదలైనప్పుడు జలుబనుకున్నాం. మిరియాల కషాయం అయింది, తేనె అయింది, ఊళ్ళో డాక్టరు మందులయ్యాయి. చివరికి గుంటూరు తీసుకుపోతే అక్కడ పరీక్షలు చేసి, స్వరపేటికలో కాన్సరని చెప్పారు. పేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. ప్రాణానికి ధైర్యం చెప్పారు గానీ మాట మాత్రం ఇక ఉండదన్నారు. గొంతుకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఉందని, అది వాడుతున్న ఒకాయన్ని పిలిపించి చూపించారు. అత్తయ్య ఆయనకి మర్యాదగా దణ్ణం పెట్టింది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మో, నడికుడి స్టేషన్లో బండి వస్తందని చెప్పినట్టుంది. ఆ గొంతేసుకుని నా కొడుకుని అన్నానికి పిలవాలా?”

తిరుగు బస్సు ఫిరంగిపురం దాటింది. అప్పుడు తనే అంది.

“మాటలు ఫోన్లో పట్టి పెట్టొచ్చు గదే?”

“పట్టొచ్చత్తయ్యా.”

“అయితే పట్టు. మీ నాన్న నీకు ఊరికే చెప్పాడా చదువు?”

ఆ యాప్ అట్లా మొదలైంది. తెర మీద మనుషుల బొమ్మలు ఉంటాయి. ఒక బొమ్మని నొక్కితే, ఆ మనిషితో అత్తయ్య అనే మాటలు దాని కింద బొత్తాల్లా వస్తాయి. బొత్తాం నొక్కితే ఆవిడ గొంతు. లోపల, ప్రతి మనిషీ ఒక వస్తువు, రికార్డు చేసిన ప్రతి మాటా ఒక వస్తువు. ఏ మాట ఎవరికి చెందుతుందో ఆ సంబంధంతో సహా దాచిపెట్టేది డేటాబేస్. చెప్పడానికి చిన్నదే. నేను అంతకుముందు కొట్లో సరుకుల కోసం ఇలాంటిదే ఒకటి రాశాను గనక ధైర్యంగా దిగాను.

మధ్యాహ్నాలు బేరాలు పల్చబడ్డాక మధ్యగదిలో కూర్చునేవాళ్ళం. చప్పుడు పడకుండా ఫాను ఆపేసేదాన్ని. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంటూ, తను రోజూ ఏమేం మాట్లాడుతుందో గుర్తు చేసుకునేది.

“‘ఒరేయ్ నాన్నా, తిన్నావా?’ ఇది వాడిది. ‘ఏమే అమ్మాయ్, తలుపేశావా?’ ఇది నీది. ‘పాలు పొంగుతున్నయ్ చూడు’... ఇది వద్దులే. నేను ఫోను తీసి నీ బొమ్మ వెతికేసరికి పాలన్నీ పొయ్యిలో ఉంటయ్.”

బతుకంతా మాట్లాడిన మనిషి, తీరా పోగేస్తే ఇంతేనా నా మాటలు అని ఆశ్చర్యపోయింది. తిన్నావా, జాగ్రత్త, వచ్చావా, చూడు. నాకూ ఆశ్చర్యమే వేసింది. ఆ నాలుగు మాటల మీదే మా ఇల్లు నడుస్తోందని అప్పటిదాకా తెలియదు.

ఎదురింటి పిన్నికి సంగతి తెలిసి వచ్చింది. ఆవిడకీ అత్తయ్యకీ వాకిలి కడిగిన నీళ్ళ మీద నా పెళ్ళికి ముందునుంచీ తగువు.

“ఏమే వదినా, నా బొమ్మ పెట్టావా లేదా?”

“నీ మొహం నా ఫోన్లో కూడానా?”

“పెట్టు. నువ్వు నోరు మూసుకుంటే ఈ వీధిలో నాతో పోట్లాడే దిక్కెవరు?”

అత్తయ్య ఫోను ముందుకు వంగి “ఒసేయ్, నీళ్ళు మా గుమ్మం ముందుకి తోయమాక” అంది.

“ఇంకాస్త గట్టిగా అను వదినా. ఇట్లా అంటే నేనెందుకు వింటా?”

మళ్ళీ అంది. ఈసారి గొంతు జీరపోయి దగ్గొచ్చింది. ఇద్దరూ నవ్వారు. పిన్ని నవ్వుతూనే లేచి, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది.

అందరివీ అయ్యాయి. మామయ్యదే మిగిలింది.

“ఆయన్నేమని పిలుస్తానే నేను?” అంది.

“రోజూ పిలుస్తారుగా. ఊఁ అని.”

“అదీ ఒక పిలుపేనా? పో.”

రెండు మూడు రోజులు దాటేసింది. గుంటూరు పోవాల్సిన రోజు దగ్గర పడుతోంది. ఒక మధ్యాహ్నం నేను ఫోను పట్టుకుని కదలకుండా కూర్చుంటే, ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుని, గొంతు సవరించుకుంది. “ఊఁ.” ఆగింది. “ఇదుగో.”

ఆ జీరగొంతులో కూడా అది అచ్చంగా అదే పిలుపు. నేను దాన్ని మామయ్య బొమ్మ కింద చేర్చబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“బొమ్మ కింద వద్దు. సిగ్గు లేకుండా. ఊరికే పక్కన పెట్టు.”

సరే, ఎవరి కిందా చేర్చకుండా భద్రం చేశాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఏ మాట పట్టినా, వెంటనే వెనకాల దాని మీద ఒక పని మొదలయ్యేటట్టు రాసి ఉంచాను. వీధి చప్పుడు తీసేసి గొంతు మాత్రం మిగిల్చే పని. పాత ఫోను, కాస్త టైం పట్టేది. అది నడుస్తుండగానే అత్తయ్య లేవబోయి మళ్ళీ కూర్చుంది.

“సరేలే అమ్మాయ్. ఆయన బొమ్మ కిందే పెట్టు. రేపు మాట లేనిదాన్ని, ఎక్కడుందని వెతుక్కుంటా?”

నవ్వుకుంటూ మామయ్య బొమ్మ కిందికి మార్చాను. వచ్చిందా లేదా చూద్దామని ఫోను గొంతు పూర్తిగా పెంచి నొక్కాను. ఊఁ. ఇదుగో.

కొట్లోంచి మామయ్య లేచి వచ్చారు. “ఏందీ?” అని గుమ్మంలో నిలబడ్డారు.

“ఏం లేదు, పొండి” అంది అత్తయ్య, మొహమంతా ఎర్రబడి. ఆయన ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అర్థం కాక, తల గోక్కుంటూ వెళ్ళారు.

ఆ పిలుపు మోగింది ఆ ఒక్కసారే.

ఆపరేషన్ బాగా జరిగింది. మా కొండమీది స్వామి దయ, ఆ డాక్టర్ల చేతి చలవ. మెడ ముందు రంధ్రం, దానికో గొట్టం, ముక్కులోంచి ఆహారానికి ఇంకో గొట్టం. ఊపిరి తీసుకుంటే గొట్టంలోంచి చిన్న చప్పుడు వచ్చేది. తేరుకున్నాక కళ్ళతో ఫోను అడిగింది. పక్కన పలక, బలపం కూడా పెట్టాం గానీ ముందు ఫోనే అడిగింది.

మొదట కొడుకు బొమ్మ నొక్కింది. “ఒరేయ్ నాన్నా, తిన్నావా?” వార్డులో పక్క మంచాల వాళ్ళు కూడా తిరిగి చూశారు. మా ఆయన తల ఊపి, వరండాలోకి పోయి గోడకేసి నిలబడ్డారు. తర్వాత నా బొమ్మ. తలుపేశావా అని అడిగింది నన్ను, గుంటూరు ఆసుపత్రిలో. నవ్వూ ఏడుపూ ఒకసారే వచ్చాయి నాకు.

తర్వాత మామయ్య బొమ్మ. ఆయన మంచం పక్కనే కిటికీ వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. అత్తయ్య బొత్తాం నొక్కింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది. ఆయన ఫోను చూశారు.

“పిలిచావా? ఈ గోలలో వినపళ్ళేదు నాకు.”

మళ్ళీ నొక్కింది. ఆయన వంగి ఫోనుకి చెవి ఆనించారు. వెనక్కి లేచి, తన చెవిని తనే వేలితో తట్టుకున్నారు.

“లాభం లేదు. నా చెవులు బాగా పోయినయ్. అందరికీ వినపడింది గదా, నాకే అందట్లేదు.”

అత్తయ్య నా వైపు చూసింది. ఫోను అందుకుని చూశాను. మామయ్య బొమ్మ కింద బొత్తాం ఉంది. దాని వెనక మాట లేదు. నా మొహంలో అది ఆవిడకి తెలిసిపోయింది. పలక దగ్గరికి లాక్కుని, మామయ్యకి కనపడకుండా అటు తిప్పి రాసింది. “చెప్పమాక.” నేను చదవగానే అరచేత్తో తుడిచేసింది.

ఏం జరిగిందో ఆసుపత్రి వరండాలో బెంచీ మీద లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వెతికాను. యాప్‌లో పని ఒకే వరుసలో నడవదు. తెర చూపించే పని ముందు వరుసలో, బరువు పనులు వెనక వరుసలో, రెండూ ఒకేసారి నడుస్తుంటాయి. వాటిని థ్రెడ్లంటారు. కొట్లో ఒకరు బేరం చేస్తుంటే వెనక ఇంకొకరు బస్తాలు సర్దుతున్నట్టు. నేను ముందు వరుసలో ఉన్న రికార్డింగుని ఉన్నదున్నట్టు వెనక వరుస చేతికి ఇచ్చేశాను. అది అందుకునే సమయానికి ఆ మాట ఎవరి కిందా లేదు. అది చప్పుడు శుభ్రం చేస్తుండగా ఇక్కడ ముందు నేను దాన్ని మామయ్యకి చేర్చాను. వెనకదానికి ఆ సంగతి తెలియదు. తన పని ముగించుకుని, తనకి తెలిసినట్టుగానే, ఎవరి కిందా లేని మాటగానే మళ్ళీ భద్రం చేసింది. మామయ్య వైపు బొత్తాం మిగిలింది గానీ, మాట వైపు నేను చేర్చింది చెరిగిపోయింది. ఎవరి కిందా లేని వాటిని పనికిరాని ముక్కలుగా లెక్కేసి ఊడ్చేసే పని ఇంకొకటి రాసి పెట్టాను, ఫోను నిండకుండా. అది వచ్చి ఊడ్చేసింది. ముందు తెరకి మాత్రం యాప్ మూసిందాకా నేను చేర్చినట్టే గుర్తుంది. అందుకే ఆ మధ్యాహ్నం మోగింది, మామయ్య లేచి వచ్చారు.

సిగ్గుపడకుండా మొదటే బొమ్మ కింద పెట్టించి ఉంటే ఆ పిలుపు ఉండేది. మిగతావాళ్ళ మాటలన్నీ మొదటినుంచీ వాళ్ళ వాళ్ళ బొమ్మల కిందే పట్టాం, అన్నీ ఉన్నాయి. ఊడ్చేసిన దాన్ని వెనక్కి తెచ్చే మార్గాలు తెలిసినవన్నీ చేశాను. ఆ చోట ఫోను ఎప్పుడో వేరేవి రాసుకుంది.

మళ్ళీ పట్టడానికి గొంతు లేదు.

కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి, అత్తయ్య ఉప్పు అడిగితే గిన్నె తీసి చేతికి అందించబోయాను. “చేతికియ్యమాకే, కింద పెట్టు. నేను తీసుకుంటా” అంది. ఎందుకత్తయ్యా అంటే “చేతి నుంచి చేతికి ఇస్తే పోట్లాటలొస్తయ్” అంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఉప్పు గట్టు మీద పెట్టడం, ఆవిడ తీసుకోవడం. యాప్‌లు రాసే పనిలోనూ పెద్దవాళ్ళు చెప్పేది అదే. ఒక వరుసలోని వస్తువుని ఇంకో వరుస చేతికి ఇవ్వకూడదు. దాని గుర్తింపు నంబరు మాత్రం ఇవ్వాలి. ఆ వరుస ఆ నంబరు పట్టుకుని పోయి, డేటాబేస్‌లో ఆ క్షణాన అది ఎట్లా ఉందో అట్లా తనే తీసుకోవాలి. ఉప్పు సంగతి ఆ బెంచీ మీద గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఏం లాభం.

మిగిలిన మాటలున్న చోట చెయ్యి పెట్టాలంటే భయం వేసింది. ముందు వాటన్నిటినీ మా ఆయన ఫోనులోకి, ఒక పెన్‌డ్రైవులోకి కాపీ చేశాను. స్వామికి దణ్ణం పెట్టుకుని, యాప్ కొత్తగా రాశాను. మనిషినీ మాటనీ కలిపి మార్చినప్పుడు రెండూ ఒక్కసారే భద్రం కావాలి, ఒకటి కుదరకపోతే రెండోదీ మారకూడదు. తను పని చేస్తున్నంతలో ఇంకెవరన్నా ఆ వస్తువుని మార్చి ఉంటే, దాని మీద రాసెయ్యకుండా ఆగి, కొత్తగా తెచ్చుకుని, మళ్ళీ మొదలుపెట్టాలి. ఊడ్చే పని పూర్తిగా తీసేశాను. ఉత్త ముక్కలతో ఫోను నిండితే నిండనీ. అత్తయ్య మాటలు ముట్టుకోకుండా నా గొంతుతో, మా ఆయన గొంతుతో పరీక్ష పెట్టాను. వెనక శుభ్రం చేస్తుండగానే ముందు ఈ బొమ్మ కిందినుంచి ఆ బొమ్మ కిందికి, ఆ బొమ్మ కిందినుంచి ఈ బొమ్మ కిందికి. ఎన్నిసార్లు తిప్పినా ఒక్కటీ పోలేదు. మా ఆయన పక్కన కూర్చుని అడిగినప్పుడల్లా గొంతు ఇచ్చారు. “ఇంకా ఎన్నిసార్లు హలో అనాలి?” అని అడిగారు గానీ విసుక్కోలేదు. మంచి మనిషిని ఇచ్చాడు దేవుడు.

ఇంటికొచ్చాక మామయ్య తన కుర్చీని కొట్లోంచి తెచ్చి మధ్యగది గుమ్మంలో వేసుకున్నారు. అక్కడినుంచి అటు కొట్టూ కనపడుతుంది, ఇటు వంటిల్లూ కనపడుతుంది.

“ఏంది నాన్నా, దారికడ్డం?” అన్నారు మా ఆయన, పంచదార బస్తా మోసుకొస్తూ.

“దాటుకుని పో. కొట్టు నువ్వు చూసుకో. నాకు బేరాలు వినపట్టం లేదు.”

అత్తయ్యకి ఆయనతో పనిబడితే ఫోను తీసి ఆయన బొమ్మ కింద నొక్కేది. చేత్తో పిలిచినా వస్తారు, అంత దగ్గర. అయినా బొత్తామే నొక్కేది. ఆవిడ బొటనవేలు కదలడం చూసి ఆయన లేచి వచ్చేవారు. “వినపడకపోయినా కనపడుతుందిగా” అనేవారు. అది మోగుతోందనీ, తన చెవులకే అందట్లేదనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకం చెడకూడదని ఆవిడ పంతం. మధ్యలో నేను కూరలు తరుక్కుంటూ తల వంచుకుని ఉండేదాన్ని.

చెవికి మిషను పెట్టించుకోమని అత్తయ్య ఎన్నేళ్ళో పోరింది. “ఆ ముసలి వేషం నాకొద్దు” అని ఆయన ఒప్పుకోలేదు. ఒకరోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికంటే పనుందని చెప్పి బస్సెక్కారు. భోజనాల వేళ కాకముందే తిరిగొచ్చారు. చెవి వెనక చిన్న మిషను. పెళ్ళికొడుకులాగా నవ్వుతూ వచ్చి, కుర్చీ వంటింటి వైపుకి తిప్పుకుని కూర్చున్నారు.

“ఇదుగో, గుంటూరు పోయి పెట్టించుకొచ్చా. ఇప్పుడు పిలువు.”

నేను బియ్యం కడుగుతున్నాను. చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. అత్తయ్య నా వైపు చూసింది. చెప్పమన్నట్టు లేదు, వద్దన్నట్టూ లేదు. ఊరికే చూసింది. తర్వాత ఫోను తీసి, ఆయన బొమ్మ తెరిచి, నొక్కింది.

ఆయన తల పక్కకి వంచి వింటున్నారు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టింది. ఆయన ఉలిక్కిపడి, చెవి మీద చెయ్యి వేసుకుని, అటు తిరిగి చూశారు. మళ్ళీ ఇటు తిరిగారు. అత్తయ్య మళ్ళీ నొక్కింది. ఆయన ఆవిడ బొటనవేలు చూశారు. ఆవిడ మొహం చూశారు. నన్ను చూశారు.

మెల్లగా మిషను చెవినుంచి తీసి అరచేతిలో తిప్పి చూశారు.

“సరిగ్గా పెట్టలేదు వాడు. ఏదో లోపముంది దీంట్లో. వినపట్టం లేదు.” జేబులో వేసుకున్నారు. “అమ్మాయ్, పప్పు అడుగంటిన వాసనొస్తంది, చూసుకో.”

అత్తయ్య ఫోను తెరని చెంగుతో తుడిచి, తుడిచి, బల్ల మీద పెట్టింది. ఆ సాయంత్రం నేను పక్కన కూర్చుంటే పలక మీద రాసింది. “హారన్ వినపడింది ఆయనకి.” ఇంకేం రాయలేదు. తుడవనూ లేదు. పలక అట్లాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు కూడా ఆవిడ నొక్కింది. ఆయన లేచి వచ్చారు.

జబ్బు మళ్ళీ తిరగబెట్టి ఊపిరితిత్తులకి పాకింది. ఆపరేషన్ అయి ఏడాది నిండకుండానే అత్తయ్య పోయింది. పసుపు కుంకుమలతో పోయింది, పుణ్యాత్మురాలు అని అందరూ అన్నారు. ఆవిడ ఎప్పుడూ కోరుకున్నది అదే. నొప్పి తెలియకుండా, కొడుకు చేతి నీళ్ళు తాగి పోయింది. అడిగినవన్నీ ఇవ్వకపోయినా ఆ కాస్త ఇచ్చాడు దేవుడు, అది మరిచిపోకూడదు.

కర్మలన్నీ అయ్యాక ఆ ఫోను మధ్యగది బల్ల మీదే ఉండిపోయింది. మా ఆయన అన్నానికి కూర్చునే ముందు తన బొమ్మ నొక్కుకుంటారు. తిన్నావా అని అడిగించుకుని తింటారు. ఎదురింటి పిన్ని అప్పుడప్పుడూ వచ్చి గడప దగ్గరే నిలబడుతుంది.

“అమ్మాయ్, నన్ను తిట్టేది ఒకసారి వినిపించు.”

వినిపిస్తాను. “నీళ్ళు మా గుమ్మం ముందుకి తోయమాక.” పిన్ని “తోస్తా, ఏం చేస్తావే వదినా?” అని కళ్ళు ఒత్తుకుంటుంది. ఇప్పుడు ఆవిడ నీళ్ళు తన గుమ్మం వైపుకే తోసుకుంటోంది.

మామయ్య ఏమీ అడగలేదు. మిషను మాత్రం పొద్దున లేవగానే పెట్టుకుంటున్నారు. అన్నీ వినపడుతున్నాయి ఆయనకి. పిన్ని గుసగుసలు కూడా. ఒక మధ్యాహ్నం మజ్జిగ ఇస్తుంటే ఆయనే అన్నారు.

“మిషను మంచిదే అమ్మాయ్. ఆ రోజునుంచీ మంచిదే.”

“తెలుసు మామయ్యా.”

“నాకు తెలిసిందని మీ అత్తయ్యకి తెలుసా?”

“తెలుసు.”

ఆయన గ్లాసు చేతిలో తిప్పారు.

“అయినా నొక్కేది” అన్నారు.

“నొక్కేది.”

“నేనూ లేచేవాణ్ణి.”

“లేచేవాళ్ళు మామయ్యా.”

ఎట్లా పోయింది, ఎవరివల్ల పోయింది అని ఆయన అడగలేదు. ఇవాళ్టికీ అడగలేదు. ఆ మంచితనానికి నేను ఏమిచ్చుకోగలను? ఆయన మజ్జిగలో ఆయనకి ఇష్టమని అల్లం కొంచెం ఎక్కువ వేస్తాను.

కొత్త యాప్‌లో, వెనక మాట లేని బొత్తాం తెర మీద కనపడకూడదు. అది నేను పెట్టుకున్న నియమమే. మామయ్య బొమ్మ కింద ఒక్క బొత్తానికి మాత్రం ఆ నియమం వర్తించకుండా రాశాను. ఎవరూ అడగలేదు, నాకే తీసెయ్యబుద్ధి కాలేదు.

సాయంత్రం నేను దీపం పెట్టి వంటింట్లోకి వచ్చాక ఆయన కుర్చీలో కూర్చుని ఫోను తీసుకుంటారు. కళ్ళజోడు సవరించుకుని తన బొమ్మ తెరుస్తారు. నొక్కుతారు. చెవికి మిషను ఉంటుంది. ఏమీ మోగదు. కాసేపు అట్లాగే ఉండి, కుర్చీ చేతుల మీద చేతులాన్చి లేస్తారు. వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడతారు.

“ఏందీ?” అంటారు.

నేను ఆయన కాఫీ గట్టు మీద పెట్టి పక్కకి జరుగుతాను. ఆయన తీసుకుంటారు.